తొమ్మిది వందల పన్నెండు రోజుల పెట్టె

లోహితకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను చూడని నిమిషంలో కూతురు గంగకు ఏదో అయిపోతుందని.

ఊరికే పుట్టిన భయం కాదది. గంగకు పద్నాలుగో నెలలో జ్వరం వచ్చింది. మందు పోసి పడుకోబెట్టి, పాల ప్యాకెట్ కోసం లోహిత సందు చివరి అంగడిదాకా వెళ్ళొచ్చింది. నాలుగు నిమిషాలు పట్టిందేమో. తిరిగొచ్చేసరికి పిల్ల కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. తిరుపతిలో పిల్లల డాక్టరు నింపాదిగా చెప్పాడు. జ్వరం ఎక్కువైతే కొంతమంది పిల్లలకు ఇలా ఫిట్స్ వస్తాయి, ఐదారేళ్ళు దాటితే వాటంతటవే పోతాయి, భయపడాల్సింది లేదు అని. అన్ని మాటల్లోనూ లోహిత చెవిలో మిగిలింది "మళ్ళీ రావచ్చు" అన్న మాటే. అది డాక్టరు అన్నాడో, తనే అనుకుందో ఇప్పటికీ గట్టిగా చెప్పలేదు.

అప్పటినుంచి ఆమె స్నానం తలుపు ఓరగా వేసుకునే చేసేది. పిల్ల నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఊపిరి తగిలేది. అయినా ఇంకోసారి చూసేది. మొగుడు మునికుమార్ ఆమెకు మేనబావ. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. అతనికి లోహిత రోజుకు పదిసార్లు ఫోన్ చేసేది. "బావా, గంగ తుమ్మింది" అనేది. "తుమ్మనీలే మే, ముక్కుండేది దానికే గదా" అని పెట్టేసేవాడు.

లోహితకు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువు ఆగిపోయి పెళ్ళయింది. బయటికెళ్ళి చేసే పనికి గంగను వదలాలి, అది కుదరదు. ఇంట్లో కూర్చుని ఏదైనా చేసుకుంటుందిలే అని, గోడౌన్ ఆఫీసులో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి మునికుమార్ అడిగి తెచ్చాడు. దాని మూత ఒకవైపు పగిలింది. బటన్ నొక్కి, కుక్కర్ పొయ్యిమీద పెడితే మూడు విజిళ్ళు వచ్చాక తెర మీద బొమ్మ వచ్చేది. ఆ బొమ్మ మీద నొక్కితే ఇంకో మూడు విజిళ్ళు. ఒకరోజు లోహిత దాన్ని వాకిట్లో పెట్టుకుని తిడుతూ ఉంటే, మేడమీదినుంచి ఒక గొంతు వినపడింది.

"దాన్నెందుకు తిడతావు మ్మా? ముసలిదానికి పట్టుచీర కట్టి పరిగెత్తమంటే యాడ పరిగెత్తతాది?"

ఆ గొంతు వరదయ్యది. మేడమీద ఒంటి గదిలో ఉంటాడు. నలభై రోజుల కిందటే ఆ ఇంటికి మారాడు. తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో అటెండరుగా చేరి, అసిస్టెంటుగా రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. పాఠం చెప్పిన మనిషి కాదుగానీ సందులో అందరూ సారనే పిలుస్తారు.

మెట్లు దిగి వచ్చాడు. తాళంచెవుల గుత్తికే ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తీసేసి, దాని బదులు మిషన్ను నడిపించే ఇంకో సాఫ్ట్‌వేర్, లినక్స్, ఎక్కించాడు. అందులో డెబియన్ అనే రకం. అరగంటలో అయిపోయింది. ఆర్పి మళ్ళీ వెలిగిస్తే కుక్కర్‌కు ఆవిరి కూడా పట్టలేదు, తెర వచ్చేసింది.

"దీనికి ఎంతివ్వాల సారూ?" అని అడిగింది లోహిత.

"ఎవురికిస్తావు? ఊరందరూ చేరి చేసి, ఊరందరికీ ఇచ్చినారు. కావాలంటే నువ్వు కూడా విప్పి చూడొచ్చు లోపల ఏముండాదో."

తెర మీద చిన్న పెంగ్విన్ బొమ్మ చూసి గంగ "కోడి" అంది. ఆ ఇంట్లో ఈనాటికీ లినక్స్ పేరు కోడే.

ఆ తర్వాత ఆయన తెర మీద ఒక నల్లటి కిటికీ తెరిచాడు. అందులో బొమ్మల్లేవు, ఏమీ లేదు. ఒక చిన్న గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది.

లోహిత వెనక్కి జరిగింది. "అయ్యో, నాకు ఇంగ్లీషు రాదు సారూ."

"దానికీ రాదు. దానికొచ్చేది ఏదో కొన్ని మాటలు. నీకు పది చాలు."

ఆ పది మాటలూ ఆమె గ్యాస్ కంపెనీ క్యాలెండర్ వెనక రాసుకుని పొయ్యి పక్కన తగిలించింది. ఉన్నవి చూపించమంటే ఒక మాట, ఇంకో గదిలోకి వెళ్ళమంటే ఒక మాట, చదివి వినిపించమంటే ఇంకోటి. పప్పు ఉడికేలోపు రెండు నేర్చుకునేది. అర్థం కానివి అడిగితే వరదయ్య నేరుగా చెప్పేవాడు కాదు. "దాన్నే అడుగు. దాని లోపలే పుస్తకం ఉండాది" అనేవాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. టెన్త్‌లో కొన్న డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక పేజీకి మూడు రోజులు తీసుకుని చదివేది.

"నువ్వే నయం," అన్నాడు వరదయ్య ఒకరోజు. "నేను చదివింది పదో తరగతే. కాలేజీకి కొత్తగా యూనిక్స్ మిషన్, ఈ లినక్స్‌కు తాతలాంటిది, వచ్చినప్పుడు దాంతోపాటు ఇంతింత లావు పుస్తకాలు నాలుగు వచ్చినాయి. లెక్చరర్లు ఒక్కరూ ముట్టుకోలా. రోజూ దుమ్ము తుడవమని నాకిచ్చినారు. తుడిచేదానికి తెరవాల గదా, తెరిచినాను. నాలుగేండ్లు తుడిచినా."

ఆ మిషన్ పాడయ్యాక, పత్రికలతో ఊరికే వచ్చే సీడీలు పెట్టి లినక్స్ ఎక్కించడం నేర్చుకున్నాడట. ఆ తర్వాత ఫ్రీబీఎస్‌డీ అనేదాని మీద మనసు పడింది. అదీ యూనిక్స్ వంశానిదే. ఆయన మంచం కింద పక్కరేకు లేని కంప్యూటర్ పెట్టె ఒకటి ఉండేది. దాంట్లో నడిచేది అదే. కరెంటు పోయినా ఆగకుండా దానికొక బ్యాటరీ. ఈ ఇంటికి మారిన రోజు వెలిగించాడు, మళ్ళీ ఆర్పలేదు. ఎన్నాళ్ళయిందో ఒక మాట కొడితే అదే చెబుతుంది. పొద్దున్నే పళ్ళు తోముకునే ముందు ఆ మాట కొట్టి, ఆ అంకె చూసి, తృప్తిగా తల ఊపేవాడు.

ఇంకోదానికీ ఆయనే కాపలా. నీళ్ళ మోటరు. రోజు మార్చి రోజు వేస్తారు. కిందివాళ్ళు ఆపడం మరిచిపోయి నీళ్ళు పారబోస్తున్నారని, ఇంటివాళ్ళకు చెప్పి స్విచ్చి తన గదిలోకి మార్పించుకున్నాడు. సరిగ్గా ఎనిమిదికి వేస్తాడు, ట్యాంకు నిండగానే ఆపుతాడు. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. రెండున్నరేళ్ళలో ఒక్క చుక్క పొంగింది లేదు.

లోహితకు ఆ నల్లకిటికీ అంటే భయం పోయింది ఎప్పుడంటే, గొట్టం గురించి చెప్పిన రోజు. ఒక మాట చెప్పిన జవాబును ఇంకో మాట నోటికి అందించే ఏర్పాటది. ఆమెకు ఎంతకీ ఎక్కలేదు. వరదయ్య వంటగదివైపు చెయ్యి చూపించాడు.

"చేట ఏం చేస్తాది?"

"చెరగతాది."

"జల్లెడ?"

"జల్లిస్తాది."

"రెండూ ఒకే సామానుతో ఎందుకు చెయ్యవు?"

"అట్ల చేస్తే రెండూ సరిగా కావు సారూ."

"అంతే యూనిక్స్. ఒక్కో సామాను ఒక్క పనే చేస్తాది, బాగా చేస్తాది. చేటలోంచి జల్లెడలోకి, జల్లెడలోంచి గిన్నెలోకి నువ్వు పోసుకోవాల. ఆ పోసేదే గొట్టం. ఇంజనీరింగు పిల్లోళ్ళకు ఇది చెప్పేదానికి నాకు ఒక నెల పట్టేది, నీకు వంటిల్లు ఉండాది గాబట్టి సరిపోయె."

ఆ సాయంత్రం ఆమె గంగ వేడి రాసుకున్న ఫైల్‌లోంచి వంద దాటిన రోజుల్ని మాత్రం జల్లించి, తేదీ ప్రకారం పేర్చి తెర మీదికి తెప్పించింది. అవును, రోజుకు మూడుసార్లు కూతురి వేడి చూసి రాసిపెట్టేది. పిల్లకు జ్వరం వచ్చింది ఏడాదిలో నాలుగే రోజులని ఆ ఫైల్ చెబితేగాని ఆమెకు తెలియలేదు.

తప్పులు చేయలేదా అంటే, చేసింది. ఆరు నెలలకు కాస్త ధైర్యం వచ్చి, రెండేసి ఉన్న ఫోటోలు తీసేద్దామని చెరిపే మాట కొట్టింది. మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువ పడి, అన్నీ తీసెయ్యమన్నట్టయింది. మిషన్ అడగలేదు, ఆగలేదు. గంగ పుట్టినప్పటినుంచి తీసిన ఫోటోలన్నీ పోయాయి. ఆమె అరిచిన అరుపుకు వరదయ్య రెండేసి మెట్లు దిగి వచ్చాడు.

"పాపకేమైంది?"

"పాప పోయింది సారూ! పుట్టినప్పటిది, బోసినోరుది, అంతా పోయింది!"

ఆయన గంగను చూశాడు. గంగ గడపలో కూర్చుని మరమరాలు తింటోంది. తెర చూశాడు. అప్పుడు కింద కూర్చుని నవ్వాడు. "తీసెయ్యమన్నావు, తీసేసింది. ఇది అంతే, చెప్పింది చేస్తాది, నీ మొగం చూసి ఆగదు. సరే, ఇంకో కాపీ యాడుండాది?"

"యాడుంటుంది? లేదు."

"ఉండాది. మొదటిరోజే చెప్పినా గదా, నీది ప్రతిరోజూ పైకి కాపీ పోతాదని. నువ్వప్పుడు పాప ముక్కు కింద వేలు పెట్టి చూస్తాంటివి, వినలా."

మంచం కింది పెట్టెలో అన్నీ ఉన్నాయి. బోసినోరు కూడా. ఆ రోజు లోహిత ఆ పెట్టెకు బొట్టు పెడతానంటే వరదయ్య ఒప్పుకోలేదు. "దాంట్లో ఫ్యాను తిరగతాది, కుంకుమ ఎగిరి నా కంట్లో పడతాది" అన్నాడు. ఆ తర్వాత ఒక మాట అన్నాడు, అది ఆమె మరిచిపోలేదు. "నీకు భయమెక్కువని అందరూ నవ్వతారు గదా. ఈ పనికి నీ లాంటోళ్ళే కావాల. పోతే ఎట్ల, ఆగితే ఎట్ల అని ముందే ఏడ్చేవాళ్ళే మిషన్లను బతికిస్తారు."

మునికుమార్ గోడౌన్‌లో లారీల గొడవ నడుస్తూ ఉండేది. ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు అని డ్రైవర్లు కాగితం లాక్కుని కొట్టుకునేవాళ్ళు. లోహిత దానికోసం ఒక ప్రోగ్రామ్ రాసింది. గేటు దగ్గర లారీ నంబరు కొడితే టోకెన్ వస్తుంది, వంతు రాగానే డ్రైవర్ ఫోన్‌కు మెసేజ్ వెళుతుంది. డ్రైవరు టీ తాగుతూ కూర్చోవచ్చు. మొదట నల్లకిటికీ మాటలతోనే రాసింది. తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని మళ్ళీ రాసింది. పక్క గోడౌన్‌వాళ్ళు అడిగారు, ఇంకొకళ్ళు అడిగారు. గంగకు నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ ప్రోగ్రామ్ తొమ్మిది గేట్ల దగ్గర నడుస్తోంది.

అప్పుడొచ్చింది ఏర్పేడు నుంచి ఫోన్. ఐఐటీకి పోయే దారిలో, టిఫిన్ హోటల్ పైన ఆరుగురు పనిచేసే చిన్న ఆఫీసు. నడిపేది ప్రసన్నకుమారి. సోమవారం రమ్మంది. వాళ్ళ సర్వర్ మీద ఆ ప్రోగ్రామ్ నడిపి చూపిస్తే ఉద్యోగం. ఎక్కువ రోజులు ఇంటినుంచే చేసుకోవచ్చు, వారానికి రెండు రోజులు రావాలి.

"రెండు రోజులే గదా, పో," అన్నాడు మునికుమార్.

"గంగ?"

"మా యమ్మను పిలిపిస్తాలే."

లోహిత మూడు రోజులు ఆలోచించింది. ఆ మూడు రోజుల్లో ఆమె చేసింది వేరే ఎవరూ చేసి ఉండరు. పాత ఫోన్‌ను ముందుగది గూట్లో పెట్టి కెమెరా చేసింది. ఐదు నిమిషాలకొకసారి ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మిగతా వాటన్నిటినీ పలకరించేలా ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసింది. కెమెరా, ఉన్నావా? ఉన్నాను. మేడమీద పెట్టె, ఉన్నావా? ఉన్నాను. పలికినవాటి పక్కన ఆమె ఫోన్‌లో పచ్చచుక్క. పలకకపోతే ఎర్రచుక్క, ఒక గంట మోత. గంగకు ఏదైనా అయితే చూసుకోవడానికి పైన వరదయ్య ఉన్నాడు, అందుకని ఆయన్ను కూడా పలకరిస్తున్నట్టే అనుకుంది. నిజానికి పలకరించింది ఆయన పెట్టెను.

సోమవారం ఎనిమిదికి మోటరు మోత మొదలైంది. గేటు దాటుతుంటే వరదయ్య పిట్టగోడ మీదినుంచి వంగి చూశాడు.

"పో పో. నీ పిల్ల యాడికీ పోదు. ఈ పొద్దుటికి తొమ్మిది నూర్ల పన్నెండు రోజులు!"

"సారూ, టిఫిన్ తిన్నారా? షుగర్ మాత్ర వేసుకుని ఊరికే ఉండొద్దు."

"నువ్వు నాకు చెప్పేదానివైనావా? బస్సెళ్ళిపోతాది, పో."

బస్సులో ఆమె ఇరవై సార్లు ఫోన్ చూసింది. రెండు చుక్కలూ పచ్చగా ఉన్నాయి. ఏర్పేడులో ఆఫీసు మెట్లెక్కుతుండగా కెమెరా నల్లబడింది. చుక్క మాత్రం పచ్చగానే ఉంది. వెంటనే అత్త సుబ్బులమ్మకు ఫోన్ చేసింది.

"అత్తా, గంగ?"

"ఈడనే ఉండాది. ఏం?"

"కెమెరా కనపడలేదు."

"నేనే గుడ్డేసినా. సీర మార్చుకోవద్దా నేను? గూట్లో కూసోని నన్నే సూస్తాండాది అది."

ప్రసన్నకుమారి నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. నువ్వు ఏం చదివావని అడగలేదు. "మొదలుపెట్టు" అంది. లోహిత ఆ సర్వర్‌లోకి వెళ్ళగానే ముందు గుర్తుపట్టింది. కోడే. ఇంట్లో ఉన్నదాని అక్కలాంటిది. అప్పటిదాకా ఉన్న దడ కొంచెం తగ్గింది. ఇక్కడా అవే పది మాటలు. ప్రోగ్రామ్ ఎక్కించింది, రెండు తప్పులు వచ్చాయి, లోపలి పుస్తకం తీసి చూసి సరిచేసింది. ప్రసన్నకుమారి పక్కన కూర్చుని కళ్ళజోడు సవరించుకుంది. అంటే నచ్చినట్టేనని మిగతావాళ్ళ మొహాలు చెప్పాయి.

పదకొండు కావస్తుండగా, కొత్త లారీ నంబర్లు వరసగా లోపలికి పంపుతుంటే ఫోన్ మోగింది. అత్త ఫోన్. మాట్లాడింది గంగ.

"అమ్మా, వాన!"

మే నెల. బయట ఎండ తారును మెత్తబరుస్తోంది. లోహిత నవ్వింది. "వాన లేదు నాన్నా."

"వానే! కిటికీ దగ్గర జో అని వస్తాంది. నేను చెయ్యి పెట్టినా."

"అవ్వకివ్వు... అత్తా, ఏంది అది?"

"ఏముండాది, పైన ట్యాంకు పొంగతాండాది. శానా సేపైంది. గోడంతా కారతాండాది. మోటరు ఆపేది యాడుండాదో నాకేం తెలుసు? ఆ పైనాయన నిద్రపోయినట్టుండాడు."

లోహిత చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. ఫోన్ తెర చూసింది. మేడమీద పెట్టె, పచ్చచుక్క. ఐదు నిమిషాల కిందట అడిగితే ఉన్నానంది. దానికి ముందూ ఉన్నానంది. పొద్దుటినుంచి ముప్పై సార్లకు పైగా ఉన్నానంది. కానీ వరదయ్య ఉంటే ట్యాంకు పొంగదు.

"అత్తా, పైకి పోయి సూడు. తలుపు కొట్టు."

"నా మోకాళ్ళు మేడెక్కతాయా మే?"

లోహిత ఫోన్ పెట్టేసి మునికుమార్‌కు చేసింది. ఎత్తగానే విసుగ్గా అన్నాడు, "ఈ పొద్దు ఇది నాలుగోది. గంగకేమైంది?"

"గంగకు కాదు బావా. సారుకు. పైన నీళ్ళు పొంగతాండాయి, ఆయన ఆపలా."

ఇన్నేళ్ళలో ఆమె గంగ గురించి కాకుండా ఇంకొకరి గురించి దడతో ఫోన్ చేయడం ఇదే మొదలు. "పోతాండా" అన్నాడు. వెంటనే బండి చప్పుడు వినిపించింది.

లోహిత లేచి నిలబడింది. తెర మీద లారీ నంబర్లు ఇంకా పరిగెత్తుతున్నాయి.

"మేడం, నేను పోవాల."

"ఇంకా సగమే అయింది కదా," అంది ప్రసన్నకుమారి.

"సగానికే మార్కులు వేసుకోండి మేడం. మా మేడమీద సారు పలకడం లేదు. నా ప్రోగ్రామ్ ఆయన బాగుండాడనే చెప్తాంది. అది తప్పు చెప్తాంది." బ్యాగు భుజాన వేసుకుంది. ఆ ఉద్యోగం మెట్ల మీదే వదిలేసి వెళుతున్నట్టే అనిపించింది. అయినా దిగింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా ఫోన్ గట్టిగా మోగింది. ఎర్రచుక్క. "మేడమీద పెట్టె జవాబు లేదు." మునికుమార్‌కు చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మూడోసారికి అత్తే చేసింది, రొప్పుతూ.

"దొరికినాడు మే! నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో పడుండాడు. మన మునికుమార్ గడియ పగలగొట్టినాడు. ఊపిరుండాది. కండ్లు తెరిచి సూసినాడు, నోట్లో సక్కెర పోసినా."

"నువ్వు పైకెక్కినావా అత్తా?"

"ఎక్కకేం చేస్తా? నీ కూతురు ముందెక్కి పాయ. దాన్ని పట్టుకునేదానికి నేనూ ఎక్కినా. ఆ మోటరు ఒకటే అరస్తా ఉండాది, ఏ స్విచ్చో తెలీదు, ఎర్రగా ఎలిగేటివన్నీ టకటకా ఆపేసినా. మంచం కింద ఇంకోటి గుర్రుమంటా ఉన్నింది, దాని వెనకుండే వైరు కూడా పీకేసినా."

లోహిత అక్కడే బస్టాపు అరుగు మీద కూర్చుండిపోయింది. మనిషి పడిపోయి ఉన్న రెండున్నర గంటలూ చుక్క పచ్చగా ఉంది. మనిషి దొరికిన నిమిషంలో ఎర్రగా అయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్కన పూలమ్మే ఆమె ఆ వాలకం చూసి నీళ్ళ సీసా అందించింది.

వరదయ్య తొడ ఎముకకు చీలిక. మాత్ర వేసుకుని తినకపోవడంతో షుగర్ పడిపోయి కళ్ళు తిరిగాయి. ఇంకో గంట అలాగే ఉంటే చెప్పలేమని తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. మూడోరోజుకు వరదయ్యకు మాట బాగా వచ్చింది. వచ్చిన మొదటి మాట ఇది.

"పెట్టె ఎన్ని రోజులు చూపిస్తాంది?"

సుబ్బులమ్మ బత్తాయి ఒలుస్తూ తల వంచుకుంది.

"ఆగిపోయిందా?"

"నేనే పీకినా," అంది సుబ్బులమ్మ. "మనిషి బతికినాడు గదా, పెట్టె పోతే పోయె."

"తొమ్మిది నూర్ల పన్నెండు! కాలేజీలో ఇంజనీర్లు కూడా నా మిషన్ ఆపలేకపోయినారమ్మా. నువ్వొచ్చి ఒక్క చేత్తో..."

"ఇంకో చేత్తో నీ నోట్లో సక్కెర పోసినా గదప్పా. అది చెప్పవే?"

వరదయ్య బత్తాయి తొన అందుకుని నోట్లో వేసుకున్నాడు.

ప్రసన్నకుమారి బుధవారం ఫోన్ చేసింది. లోహిత వదిలి వెళ్ళిన ప్రోగ్రామ్‌ను ఎవరూ ఆపలేదట. రెండు రోజులుగా దొంగ లారీ నంబర్లు వేలకు వేలు పంపి చూశారట, అది ఆగలేదట. "సార్ ఎలా ఉన్నారు?" అని ముందు అడిగి, ఉద్యోగం నీదేనన్న సంగతి తర్వాత చెప్పింది.

వరదయ్య చేతికర్రతో తిరిగి గదికి వచ్చాక, లోహిత తన స్క్రిప్ట్ మార్చింది. ఈసారి పెట్టెను పలకరించదు. రోజూ ఎనిమిదిలోపు ఆయన స్వయంగా ఒక మాట కొట్టాలి. కొట్టకపోతే ఆమె ఫోన్ మోగుతుంది. వరదయ్య గొణిగాడుగానీ ఒప్పుకున్నాడు. పది రోజులు బాగా జరిగింది. పదకొండో రోజు ఆమె ఆ మాటలు వచ్చిన వేళలు వరసగా చూసింది. ఏడున్నర, ఏడున్నర, ఏడున్నర. ఒక్క సెకను అటూ ఇటూ లేదు.

మెట్లెక్కి వెళ్ళింది. "సారూ, ఈ మాట ఎవరు కొడతాండారు?"

వరదయ్య కిటికీవైపు చూశాడు. "అంటే... రోజూ నేను కొట్టడమెందుకని... ఆ టైముకు అదే కొట్టేటట్టు ఒక చిన్న వరస రాసి పెట్టినా."

"నువ్వు పోయినా అది కొడతాది!"

"కొడతాది మరి. బాగా రాసినా."

లోహితకు ఎంత కోపం వచ్చిందంటే నవ్వొచ్చింది. రోజూ చేయాల్సిన పని ఏది కనపడినా దాన్ని మిషన్ నెత్తిన పెట్టకుండా ఉండలేని మనుషులు వీళ్ళు. తనూ ఆ గుంపులో చేరిపోయింది కాబట్టి తిట్టలేకపోయింది. ఆ రోజే రెండు స్క్రిప్టులూ తీసేసింది, తనది, ఆయనది. ఖాళీ ఎక్కువ పడకుండా చూసుకుని మరీ తీసేసింది.

ఇప్పుడు పొద్దున ఏడున్నరకు గంగ ఇడ్లీ గిన్నె పట్టుకుని పైకి వెళుతుంది. తలుపు కొడుతుంది. "సారూ, ఉండావా?" అంటుంది. లోపలినుంచి తిట్టు వినపడేదాకా అక్కడే నిలబడాలని గంగకు ఆజ్ఞ. "ఉండాలే, తలుపు పగలగొట్టబాక!" అని వినపడ్డాక మెట్లు దిగి వస్తుంది. ఆ నాలుగు నిమిషాలూ లోహిత కింద పొయ్యి దగ్గరే ఉంటుంది. కూతురి వెనక వెళ్ళదు. మెట్లు లెక్కపెట్టుకుంటుంది, అంతే. పద్దెనిమిది ఎక్కేటప్పుడు, పద్దెనిమిది దిగేటప్పుడు.

సోమ, గురువారాలు మాత్రం చిక్కు. ఆ రెండు రోజులు లోహిత గంగను తీసుకుని ఏడుకే ఏర్పేడు బస్సెక్కుతుంది. అక్కడ ఆఫీసు పక్కనే పిల్లల బడి ఉంది. సుబ్బులమ్మ తన ఊరికి వెళ్ళిపోయింది. మునికుమార్‌కు ఆ వారం పొద్దుటి షిఫ్టు పడితే ఇంట్లో ఎవరూ ఉండరు. మంచం కింద పెట్టె మళ్ళీ నడుస్తోంది, మళ్ళీ ఒకటినుంచి లెక్క. అడిగితే ఉన్నానంటుంది. దాని మాట నమ్మొద్దు.

రేణిగుంట స్టేషన్ వెనక సందులో, నీళ్ళు కారి ఒకవైపు గోడ మరకలు పడిన మేడ అది. సోమవారమో గురువారమో మీరు అటు వెళితే, ఒక్క నిమిషం బండి ఆపండి. కిందినుంచే గట్టిగా పిలవండి, "సారూ, ఉండావా?" అని. పలక్కపోతే మెట్లెక్కండి, పద్దెనిమిదే. ఆయన మిమ్మల్ని తిట్టేదాకా కదలొద్దు.